సగం దిగిన ఫైలు, ఎండిన చెరువులో పడవ

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనత్త గుత్తి నుంచి నన్ను చూడ్డానికి వచ్చి, ఆఫీసులో ఏం పని చేస్తావని అడిగింది.

"ఫైళ్ళు దించుతానత్తా" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. "మా అన్న నిన్ను అంత చదివించింది బీరువా మీద నుంచి ఫైళ్ళు దించేదానికా? మీ ఆఫీసులో అటెండరు లేడా?"

ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటరు ఒకటి ఉంటుందనీ, అందులో ఉన్న సమాచారాన్ని టెలిఫోను తీగ ద్వారా మా కంప్యూటరులోకి తెచ్చుకోవడాన్ని దించడం అంటారనీ చెప్పాను. ఆమె అంతా విని, ఊరికి పోయి, నేను టెలిఫోను ఆఫీసులో పనిచేస్తున్నానని అందరికీ చెప్పింది. రిటైరయ్యే దాకా మా బంధువుల్లో చాలామందికి అదే తెలుసు. కొత్త కనెక్షన్ ఇప్పించమని నా దగ్గరికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, ఆ రోజుల్లో ఎలా చేసేవారు మేడమ్ అని అడుగుతుంటారు. వాళ్ళకు లైన్ల వేగం గురించీ సాఫ్ట్‌వేర్ల పేర్ల గురించీ చెప్పి లాభం లేదు, అవన్నీ పోయాయి. పోనిది ఒకటుంది. సగం వచ్చిన ఫైలు అప్పుడెంత ప్రమాదమో ఇప్పుడూ అంతే ప్రమాదం. అది నేను ఒక వరద వల్ల నేర్చుకున్నాను. ఆ వరద రాలేదు.

మేం చేసే పని

అనంతపురం దగ్గర మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఒక చిన్న కేంద్రంలో నేను టెక్నికల్ ఆఫీసరుగా ఉండేదాన్ని. రోజూ పొద్దున వాతావరణ శాఖ వాళ్ళ పెద్ద కంప్యూటరులో ఒక ఫైలు తయారయ్యేది. రాబోయే రెండు మూడు రోజుల్లో ఎక్కడ ఎంత వాన పడవచ్చో అందులో అంకెలుండేవి. దాన్ని మేం ఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ సాఫ్ట్‌వేర్‌తో దించుకోవాలి. మా దగ్గరున్న ప్రోగ్రాము దాన్ని చదివి, మండలాలవారీగా విడగొట్టి కాగితం మీద అచ్చు వేస్తుంది. ఆ కాగితం రేడియోకు వెళుతుంది. అది విని రైతులు శెనక్కాయ, అంటే వేరుశనగ, విత్తాలా వద్దా అని తేల్చుకుంటారు.

మా జిల్లాలో చాలా రోజులు ఆ ఫైలు నిండా సున్నలే ఉండేవి. కంప్యూటరును ఫోనుకు కలిపే మోడెం కీచుమంటూ, ఫోను లైను తెగుతూ అతుక్కుంటూ పొద్దంతా కష్టపడి తెచ్చుకున్నది చూస్తే సున్నలు. సున్నలు మాకు స్థానికంగానే బోలెడు దొరికేవి, బయటి నుంచి తెప్పించుకోవడం దేనికని నాకే అనిపించేది.

లైను తెగడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. మా ఆఫీసు లైనుకే ఒక కొమ్మ తీసి, కాంపౌండులోనే ఉన్న మా సార్ క్వార్టర్సులో ఇంకో ఫోను పెట్టారు. అక్కడ రిసీవరు ఎత్తితే ఇక్కడ ఫైలు తెగిపోయేది. అందుకే నేను మంచి సాఫ్ట్‌వేర్ కోసం పోట్లాడి తెప్పించాను. తెగిన ఫైలును అది మళ్ళీ మొదటి నుంచి కాకుండా, ఆగినచోటి నుంచి అందుకునేది.

మా సార్

మా సార్ డాక్టర్ కామేశ్వరరావు గారు గోదావరి వైపు నుంచి వచ్చారు. నేల గురించి ఆయనకు తెలిసినంత నేను చూసినవాళ్ళలో ఎవరికీ తెలియదు. గుప్పెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి, ఇది ఎంతసేపు తేమ పట్టి ఉంచుతుందో చెప్పేవారు. అది నిజమయ్యేది. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు అది దేవుడితో సమానం. మోడెం గదిలోకి చెప్పులతో రాకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. మోడెం అరవడం మొదలుపెట్టగానే ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవారు.

గదిలో చప్పుడైతే లైను తెగుతుందని ఆయన నమ్మకం. తెగిన ప్రతిసారీ మా అటెండరు పెద్దన్న దగ్గడం వల్లే అనేవారు. "సార్, ఇంట్లో అమ్మగారు ఫోను ఎత్తినట్టున్నారు" అని నేనంటే, "సుశీలా? ఆవిడ చాలా మెల్లగా మాట్లాడుతుందమ్మా" అనేవారు. పాపం పెద్దన్న దగ్గు వస్తే శెనక్కాయ మడిలోకి పోయి దగ్గి వచ్చేవాడు.

ఆయనలో నాకు నచ్చని గుణం ఒకటే. ఎవరితోనూ చెడ్డ వార్త చెప్పలేరు. అది మంచితనం అనుకునేవారు. మన ఆఫీసులన్నిటిలో జరిగే తప్పుల్లో సగం ఈ మంచితనం వల్లే అని నా అభిప్రాయం.

తొమ్మిదులు

జూన్ నెల దాటిపోతున్నా వానలు లేని ఒక సంవత్సరం. మా చిన్నాన్న కూతురి పెళ్ళి ఉండి నేను ఒకరోజు సెలవు పెట్టి గుత్తికి వెళ్ళాను. ఆ రోజు ఫైలు మా సార్ స్వయంగా దించారు.

సగం దిగాక లైను తెగింది. తెరమీద "ట్రాన్స్‌ఫర్ అబార్టెడ్", అంటే బదిలీ మధ్యలో ఆగిపోయింది అని వచ్చింది. ఆ రెండో మాటను ఆయన "స్టార్టెడ్" అని చదువుకున్నారు. ఇంకా మొదలైందే కదా అని భక్తిగా చాలాసేపు కూర్చుని, ఇక అయిపోయి ఉంటుందనుకుని ప్రోగ్రాము నడిపించారు.

మా ప్రోగ్రాముకు ఒక అలవాటుంది. ఏ మండలానికైనా సమాచారం దొరక్కపోతే అక్కడ నాలుగు తొమ్మిదులు వేస్తుంది. "ఇక్కడ ఏమీ లేదు" అని దాని భాషలో గుర్తు. మా ఫైలులో తూర్పు మండలాలు ముందు, పడమటి మండలాలు చివర ఉండేవి. కాబట్టి బెళుగుప్ప వైపు మండలాలకంతా తొమ్మిదులు పడ్డాయి. చివరి తొమ్మిదికి ముందు చుక్క పెట్టి అచ్చు వేయడం దాని పద్ధతి. అందువల్ల కాగితం మీద బెళుగుప్పకు 999.9 మిల్లీమీటర్ల వాన అని వచ్చింది.

మా జిల్లాలో ఏడాది పొడుగునా కురిసినా అంత వాన రాదు. సార్‌కు అది బాగా తెలుసు. అందుకే ఆయన శాస్త్రవేత్తలాగే ఆలోచించారు. ఇంత వాన అసాధ్యం, దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు జరిగి ఉంటుంది అనుకుని పదితో భాగించారు. 99.99 వచ్చింది. దాన్ని గుండ్రంగా వంద చేశారు. రేడియో వాళ్ళు వంద మిల్లీమీటర్లంటే జనానికి అర్థం కాదని "భారీ వర్షం" అన్నారు. ఆ వార్త విన్న ఒక ఆఫీసులో, భారీ వర్షమంటే వరదే కదా అని ఏర్పాట్లు మొదలుపెట్టారు.

పిల్లలూ, ఇది బాగా చూడండి. 999.9 అని ఉన్నదున్నట్టు పంపి ఉంటే చిన్నపిల్లవాడు కూడా నవ్వి అవతల పారేసేవాడు. దాన్ని నమ్మదగినదిగా చేసింది మనుషులే. ప్రతి ఒక్కరూ తమ చేతికొచ్చిన అబద్ధాన్ని కొంచెం సరిదిద్ది ముందుకు పంపారు. పాడైపోయిన ఫైలు పాడైపోయినట్టే కనిపించాలి. దానికి మంచి బట్టలు తొడగకండి.

బస్సులో విన్న వార్త

మర్నాడు పొద్దున గుత్తి నుంచి అనంతపురం బస్సులో వస్తున్నాను. డ్రైవరు రేడియో పెట్టాడు. పడమటి మండలాలలో భారీ వర్షాలు, లోతట్టు ప్రాంతాల వాళ్ళు జాగ్రత్తగా ఉండాలి అని వినిపించింది.

నా ముందు సీటులో కూర్చున్నతను పక్కవాణ్ణి పొడిచాడు. "ఏమప్పా, బెళుగుప్పకు వరదంట!"

"యాడి నుంచి వస్తాదప్పా? ఆకాశం చూడు, తోమిన తట్ట మాదిరి ఉండాది."

"గవర్నమెంటోళ్ళు చెప్తాండారు కదా. వాళ్ళకు తెలీదా?"

ఆ గవర్నమెంటు మేమే.

ఆఫీసుకు వచ్చీ రాగానే నిన్నటి ఫైలు ఎంత పెద్దదో చూశాను. మామూలుగా ఉండాల్సిన దానిలో సగం కంటే కొంచెం ఎక్కువ ఉంది. విషయం అక్కడే అర్థమైంది. మిగతాది దించి చూపిస్తే తప్ప ఎవరూ ఒప్పుకోరు. సరేనని ఫోను లైను అందుకున్నాను. అప్పుడు మొదలైంది అసలు కథ.

వరద వార్త మా కేంద్రం నుంచి వెళ్ళింది కాబట్టి అందరూ మాకే ఫోను చేస్తున్నారు. పెట్టిన మరుక్షణం మళ్ళీ మోగుతుంది. వరద లేదని తెలుసుకోవడానికి నాకు ఆ లైను కావాలి. వరద వస్తోందన్న వార్త ఆ లైనును వదలడం లేదు. ఒకసారి మోగడం ఆగిందని మోడెంతో డయల్ చేయించాను. అంతలోనే అవతలి నుంచి ఎవరో లైనులోకి వచ్చారు. మోడెం తన మామూలు ధోరణిలో కీచుమని అరిచి, బుస్సుమని హోరు పెట్టింది. రిసీవరు ఎత్తేసరికి అవతల ఒక పెద్దమనిషి పక్కనున్న ఎవరితోనో అరిచి చెబుతున్నాడు.

"రేయ్, నీళ్ళొచ్చేసినాయి రా! ఆఫీసులోకే వచ్చేసినాయి. ఫోన్లో చప్పుడు ఇనపడతాంది!"

నేను "అన్నా, అది మోడెం" అంటుండగానే పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్లు రెట్టింపయ్యాయి.

హనుమంతరెడ్డి

ఆ గందరగోళంలో మోపెడ్ మీద హనుమంతరెడ్డి వచ్చాడు. బెళుగుప్ప అవతల ఒక ఊళ్ళో ఆయనకు ఎర్ర నేలలు కొన్ని ఉన్నాయి. మా కొత్త రకం విత్తనాలు ముందుగా వేసి చూసేది ఆయనే కాబట్టి నాకు బాగా తెలుసు. ఆ ఊరి పేరు రాయను. వాళ్ళను ఇప్పటికే లోకం కావలసినంత ఏడిపించింది.

"అక్కా, రేడియోలో చెప్పింది నిజమేనా?" అన్నాడు.

"ఎందుకన్నా?"

"ఊరంతా వసారాల్లో కూర్చోని విత్తనం కాయలు ఒలుస్తాండారు. ముసలోళ్ళు, పిల్లోళ్ళు అందరూ. పెద్ద వాన పడితే ఇంక మడిలోకి కాలు పెట్టనీదు కదా. ముందే పొడిలో విత్తేస్తే వాన మీద మొలుస్తాదని రేపు పొద్దున్నే విత్తే గొర్లు కడతాండారు."

శెనక్కాయ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. పైన పొట్టు ఉన్నంతవరకు ఆ విత్తనం భద్రం. ఒలిచాక త్వరగా నేలలో పడాలి, లేదంటే మొలక తగ్గిపోతుంది. పొడి నేలలో వేశాక వాన రాకపోతే చీమలకూ పిట్టలకూ పెట్టినట్టే. ఆ ఊరివాళ్ళకు వేరే విత్తనం లేదు. ఒక తప్పు అంకె వల్ల ఒక ఊరు తన ఏడాదినంతా మట్టిలో పోయబోతోంది.

"అన్నా, ఆ వాన నాకు నమ్మకం లేదు. ఫైలు పూర్తిగా దించితే తెలుస్తాది. లైను దొరకడం లేదు."

"లైను ఎవరి దగ్గర ఉండాది?"

"ఫోను చేసేవాళ్ళందరి దగ్గరా ఉండాది."

హనుమంతరెడ్డి కుర్చీ లాక్కుని ఫోను ముందర కూర్చున్నాడు. మోగితే ఎత్తేవాడు. "ఏమప్పా? వరదనా? యాడా లేదు. పెట్టెయ్." మళ్ళీ మోగేది. "నేనెవరైతే ఏమి, పెట్టెయ్ ముందు!" అట్లా రెండు ఫోన్ల మధ్య దొరికే సందులో నేను డయల్ చేయించేదాన్ని.

ఇక క్వార్టర్సు మిగిలింది. అక్కడికి నేనే వెళ్ళాను. సుశీల గారు రిసీవరు చేతబట్టుకుని రాజమండ్రిలో ఉన్న వాళ్ళ అక్కతో మాట్లాడుతున్నారు.

"మా ఆయనే కనిపెట్టారే! ఈ ఎడారిలో వాన! ఒక్కరే కూర్చుని కనిపెట్టారు!"

అమ్మగారూ, కాసేపు ఫోను ముట్టుకోకండి అని అడిగాను. ఆవిడ మంచి మనిషి. "ఆయన పనికేనా? అయితే ముట్టుకోను. కానీ మోగితే చెయ్యి ఆగదమ్మా" అని, ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించారు. కాపలాకు పెద్దన్నను అక్కడ వదిలేశాను. "ఇక్కడ ఎంత కావాలంటే అంత దగ్గు" అని చెప్పాను.

మూడు చోట్ల తెగి, తెగిన ప్రతిసారీ ఆగినచోటి నుంచి అందుకుని, చివరికి ఫైలు పూర్తయింది. సర్వరులో ఎంత ఉందో నా దగ్గరా అంతే ఉందా అని చూశాను. సరిపోయింది. అంతటితో ఆగకూడదు. అతుకులు పడ్డ ఫైలు బరువు సరిపోయినా లోపల చెడి ఉండొచ్చు. ప్రతి పెద్ద ఫైలుకూ వేలిముద్ర లాంటి అక్షరాల వరుస ఒకటి వాళ్ళు పక్కన పెట్టేవారు. నా దగ్గర దిగిన ఫైలు నుంచి అదే లెక్కతో ఇంకో వరుస తీసి, రెండూ అక్షరం అక్షరం పోల్చాను. ఒకటే.

అప్పుడు ప్రోగ్రాము నడిపించాను. పడమటి మండలాలన్నిటికీ సున్న.

హనుమంతరెడ్డి నా భుజం మీదుగా తెరను చూశాడు. "అన్నీ సున్నలేనా?"

"అన్నీ సున్నలే అన్నా."

తెర మీద వేలు పెట్టి మండలాలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఇంకోసారి దించితే?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఈ మాట నేను చెప్తే ఊళ్ళో ఎవరూ నమ్మరక్కా. వాన వస్తాదని చెప్పింది రేడియో. రాదని చెప్పేది హనుమంతరెడ్డి అంటే నవ్వుతారు. నువ్వే వచ్చి చెప్పల్ల."

జీపులో

ఆ మధ్యాహ్నం అదే ఊళ్ళో వరద ముందుజాగ్రత్త సభ ఉంది. ముఖ్య అతిథి మా సార్. ఆయన కొత్త గొడుగు పట్టుకుని జీపు ఎక్కుతుంటే నేనూ ఎక్కాను. దారి పొడుగునా కాగితాలు చూపించాను.

"సార్, ఆ తొమ్మిదులు వాన కాదు. సమాచారం లేదని గుర్తు."

"మనం తొమ్మిదులు ఎక్కడ చెప్పామమ్మా? వంద అన్నాం."

"మీరు భాగించారు కాబట్టి వంద అయింది సార్. మొదటి అంకే తప్పు."

"తప్పే అనుకో. పదితో భాగించాను కదా, తప్పు కూడా పదోవంతే మిగులుతుంది."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "వాన రాకపోతే రేపు వాళ్ళకే తెలుస్తుంది. ఈరోజే చెప్పి బాధపెట్టడం దేనికి?"

"రేపటికి విత్తనం మట్టిలో ఉంటాది సార్. ఆ ఎర్ర నేల తేమ లేకుండా ఎన్నాళ్ళు విత్తనాన్ని కాపాడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు."

ఆ మాటకు ఆయన ముఖం మారింది. చాలాసేపు గొడుగు పిడిని తిప్పుతూ కూర్చున్నారు. "నువ్వు చెప్పు. నాకు నోరు రాదు" అన్నారు.

ఆయన్ని పిరికివాడని అనొచ్చు. నేనూ అప్పుడు మనసులో అన్నాను. అయితే వద్దని నన్ను ఆపలేదు. నేను పనిచేసిన అధికారుల్లో ఆ మాత్రం చేసినవాళ్ళు కూడా తక్కువే.

చెరువులో పడవ

ఊరి బయట చెరువు నేల నెర్రెలిచ్చి ఉంది. దాని మధ్యలో, లారీ మీద నుంచి దించిన ఒక పెద్ద పడవ. నీలం రంగు, కొత్తగా వేసినట్టుంది. నీళ్ళొస్తే కొట్టుకుపోకుండా దాన్ని తుమ్మచెట్టుకు తాడుతో కట్టారు. మేకలు దాని నీడలో పడుకున్నాయి. పడవకు ఒక ఉద్యోగిని బాధ్యుడిగా పెట్టారు. అతనిది శింగనమల. మీకు తెడ్డు వేయడం వచ్చా అని అడిగితే, "చెరువు ఉండే ఊరోణ్ణి కదా అని నన్ను పంపినారు మేడమ్. మా చెరువులో నీళ్ళుండంగ నేనెప్పుడు చూసినా?" అన్నాడు.

ఊరంతా గట్టు మీద కూర్చుని ఉంది. సార్ లేచి నమస్కారం పెట్టి, "మా టెక్నికల్ ఆఫీసరు గారు వివరాలు చెబుతారు" అని కూర్చున్నారు.

నేను మైకు ముందుకు వెళ్ళాను. ఫైలు, మోడెం అన్నీ వదిలేసి చెప్పాను. "నిన్న మాకు సమాచారం సగమే వచ్చింది. రాని సగాన్ని వాన అనుకున్నాము. ఈ పొద్దు పూర్తిగా తెప్పించి చూసినాము. ఈ వైపు వాన లేదు. రేపు విత్తొద్దండి. ఒలవని కాయలు ఒలవొద్దండి."

వెనక నుంచి ఒకాయన లేచాడు. మడికి పోవడానికి పంచె ఎగ్గట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏమ్మా, వాన ఇస్తామని చెప్పి ఇప్పుడు వాపసు తీసుకుంటాండావే? వాపసు తీసుకొనేదానికి నువ్వెవరు?"

"వానను నేను తీసుకోలేదన్నా. అది మొదటి నుంచీ లేదు."

"నిన్న ఉండె కదా! రేడియోలో ఉండె కదా!"

అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. పైమండలం వాళ్ళకు మళ్ళించినారని ఒకడు. పార్టీ మారినందుకు మా ఊరి వాన కట్ చేసినారని ఇంకొకడు. పడవ ఇచ్చినోళ్ళు నీళ్ళు ఇవ్వరా అని మూడోవాడు. నేను అంతవరకూ తప్పుడు వార్త చెప్పినందుకు తిడతారని భయపడ్డాను. వాళ్ళు నిజం చెప్పినందుకు తిడుతున్నారు.

గొడవ సాగుతుండగానే గట్టు కింద కూర్చున్న ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని లాగింది. ఆమె బొటనవేళ్ళు కాయలు ఒలిచి ఒలిచి పగిలిపోయి ఉన్నాయి.

"వాన లేదని నీకు తెలిస్తే తెలిసిందిలే తల్లీ" అంది. "రాత్రి అందరమూ నవ్వుకుంటా ఒలిచినాము. ఇంకో దినమన్నా ఉండనీకపోతివే."

నేను మైకు వదిలి ఆమె పక్కన గట్టు కింద కూర్చున్నాను.

అప్పుడు మా సార్ లేచారు. మైకు దగ్గరికి కాదు. నేరుగా పక్కనున్న మడిలోకి వెళ్ళి, కూర్చుని, జానెడు లోతు తవ్వి, మట్టి గుప్పెట్లోకి తీసుకున్నారు. జనం వెంట వెళ్ళారు. ఆయన గుప్పెట తెరిచారు. మట్టి పొడిలా జారిపోయింది.

"చూడండి. ఇందులో వేస్తే విత్తనం బతకదు. నేను చెప్పింది తప్పు" అన్నారు.

మర్నాటి విత్తుకు గొర్లు కట్టి చూసుకోవడానికి ఊరివాళ్ళు అప్పటికే ఎద్దులను మడి దగ్గరికి తెచ్చి కాడి వేసి ఉన్నారు. హనుమంతరెడ్డి తన ఎద్దుల మెడ మీద నుంచి కాడి దించాడు. ఆ చప్పుడు విని ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు దించారు. పంచె ఎగ్గట్టిన ఆయన మాత్రం దించలేదు. పట్టుదలకు మర్నాడు విత్తాడు. అతని విత్తనమంతా పోయింది.

పడవ బాధ్యుడు మా జీపు దగ్గరికొచ్చి, వరద లేదు కాబట్టి తాను వెళ్ళిపోవచ్చా అని అడిగాడు. తర్వాత తనే జవాబు చెప్పుకున్నాడు. "వరద వచ్చి పోయిందని చెప్తేనే మేడమ్ పడవ వాపసు తీస్కపోయేది. రాకుండానే పోయిందంటే దానికి ఆర్డరు లేదు." ఆ పడవ చాలా ఏళ్ళు అక్కడే ఉంది. పిల్లలు అందులో కూర్చుని చదువుకునేవారు.

ఎట్లా ముగిసింది

మర్నాడు ఎండ మామూలుగానే కాసింది. తర్వాత కొన్ని వారాలకు ఒక మాదిరి వాన పడింది. మిగిలిన విత్తనం దానికి విత్తారు. పంట గొప్పగా రాలేదు, కానీ వచ్చింది.

జిల్లాలో పెట్టిన ఒక సమావేశంలో మా కేంద్రాన్ని మెచ్చుకున్నారు. సకాలంలో హెచ్చరించడం వల్ల పడమటి మండలాలలో వరదకు ఒక్క ప్రాణం కూడా పోలేదట. మా సార్ నా వైపు చూశారు. నేను కింద చూశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అయితే ఆయన తిరిగి వచ్చిన వెంటనే ఒక పని చేశారు. క్వార్టర్సుకు వెళ్ళే ఫోను కొమ్మను తీయించేశారు. సుశీల గారు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

నేను ప్రోగ్రామును మార్చాను. ఫైలు కొలత, వేలిముద్ర సరిపోకపోతే అది ముందే ఆగి, ఫైలు పూర్తిగా రాలేదని చెబుతుంది; మేం ఒప్పుకుంటేనే దిగినంతవరకు చదువుతుంది. ఏ మండలానికైనా సమాచారం రాకపోతే తొమ్మిదుల బదులు "తెలియదు" అని అచ్చు వేస్తుంది. ఈ మాట మీద చాలా రోజులు వాదన నడిచింది. పైనుంచి ఒకాయన ఫోను చేసి, ప్రభుత్వ బులెటినులో తెలియదు అని ఎలా రాస్తారమ్మా, "పరిశీలనలో ఉంది" అని పెట్టండి అన్నాడు. పరిశీలించడానికి ఏముంది సార్, ఫైలే రాలేదు అన్నాను. ఈసారి మా సార్ నా పక్కన నిలబడ్డారు. ఆ మాట ఉండిపోయింది.

పిల్లలూ, మీరు దించే ఫైళ్ళు ఇప్పుడు నిమిషాల్లో వస్తాయి. తెగినా దానంతటదే అందుకుంటుంది. అందువల్లే ఎవరూ చివర చూడటం లేదు. చూడండి. చూశాక రాలేదనిపిస్తే రాలేదని చెప్పండి. ఈ ఉద్యోగంలో నాకు కష్టమనిపించింది ఆ చెప్పడం ఒక్కటే. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చేసుకుపోతుంది.

"తెలియదు" అన్న మాట మొదటిసారి రేడియోలో చదివిన రోజు గాలివానకు లైన్లు తెగి మాకు ఫైలు సగంలో ఆగింది. అనౌన్సరు ఒక్కో మండలం చదువుకుంటూ వచ్చి, బెళుగుప్ప దగ్గర ఒక క్షణం ఆగి, తెలియదు అన్నాడు. లైను బాగయ్యాక వచ్చిన మొదటి ఫోను హనుమంతరెడ్డిది.

"అక్కా, నిజంగానే తెలీదా? లేకుంటే తెలిసీ మాకు చెప్పలేక అట్ల అంటాండారా?"

"నిజంగానే తెలీదన్నా. ఫైలు రాలేదు."

"తెలీదంట" అని అవతల తన పక్కనున్నవాళ్ళకు చెప్పాడు.

"సరేలే" అన్నాడు నాతో. గొంతులో నవ్వుంది. "అట్లయితే ఈ పొద్దు నువ్వు గూడా మా మాదిరే ఆకాశం చూసుకుంటా కూర్చో."